పాత కట్టడాల కాంస్య మెడల్స్: విజయనగరంలో ఉండి సేకరణ మొదలుపెట్టడం ఎలా

లండన్ నుంచి మొదటి పార్సిల్ వచ్చిన రోజు పోస్ట్‌మ్యాన్ దాని మీద అంటించిన కస్టమ్స్ కాగితం చదివి, "బ్రాంజ్ మెడల్ అని రాశారు, ఏ ఆటలో వచ్చిందండి?" అని అడిగాడు. మూడో స్థానం వచ్చినవాణ్ణి మెచ్చుకోవాలో ఓదార్చాలో తెలియని మొహం పెట్టాడు. అక్కడే అరుగు మీద విప్పి చూపించాను. ముదురు గోధుమరంగు బిళ్ళ, దాని మీద పొడుగాటి గాజుమేడ, కింద 1851. ఇది ఒక భవనం గుర్తుగా కొట్టించిన మెడల్ అని చెబితే, "భవనానికి మెడలేటండి!" అని నవ్వుకుంటూ సైకిలెక్కాడు.

మా ఇంట్లోవాళ్ళు కూడా ఇదే అడిగారు కాబట్టి ముందు దానికి జవాబు చెబుతాను. పంతొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండ్, బెల్జియం, ఫ్రాన్స్ లాంటి చోట్ల ఒక ఊరు టౌన్ హాలో, వంతెనో, పెద్ద మార్కెట్టో కట్టుకుంటే శంకుస్థాపనకో ప్రారంభోత్సవానికో జ్ఞాపకంగా మెడల్ కొట్టించేవారు. మనవాళ్ళు శిలాఫలకం వేయించి, శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టినట్టే. ముఖ్య అతిథులకు వెండిది, మిగతా పెద్దమనుషులకు కాంస్యానిది, వీధిలో కొనుక్కునే జనానికి చవకైన తెల్ల లోహానిది. ఇది నాణెం కాదు, దీనికి ముఖవిలువ ఉండదు. మన కొత్త పార్లమెంటు భవనం బొమ్మతో 2023 మే 28న 75 రూపాయల బిళ్ళ విడుదల చేశారు గుర్తుందా? 44 మిల్లీమీటర్లు, 35 గ్రాములు, సగం వెండి. అది చూడ్డానికి అచ్చం మెడల్‌లా ఉన్నా విలువ రాసి ఉంది కాబట్టి నాణెమే.

నాకీ పిచ్చి పట్టడానికి మా ఊరే కారణం. 1713లో కోట కట్టిన ఊరు, గంట స్తంభం చూసి టైము చెప్పుకున్న ఊరు. 2020లో మూడు లాంతర్ల స్తంభం తీసేశాక ఆ సెంటర్లో నిలబడితే అది ఎంత ఎత్తుండేది, సింహం ఏ వైపు చూసేది అని ముగ్గురం మూడు రకాలుగా చెప్పుకున్నాం. దాని గుర్తుగా ఎవరైనా ఒక మెడల్ కొట్టించి ఉంటే ఆ వాదన ఉండేది కాదు కదా అనిపించింది. అప్పుడు మొదలుపెట్టి చదువుతూ పోతే మన విజయరామ గజపతి మహారాజా డబ్బు ఎక్కడెక్కడ రాయిగా నిలబడిందో తెలిసింది. కాశీలో టౌన్ హాల్ ఆయన కట్టించిందే. అలహాబాద్ మ్యూర్ సెంట్రల్ కాలేజీలో విజయనగరం హాలు ఆయన విరాళమే. ఆ కాలేజీకి ప్లాను గీసిన విలియం ఎమర్సనే తర్వాత కలకత్తా విక్టోరియా మెమోరియల్‌కి కూడా గీశాడు. లండన్ హైడ్ పార్కులో 1867లో మన మహారాజా ఇచ్చిన మంచినీళ్ళ ఫౌంటెన్‌ని 1964లో తొలగించారు. అదే పార్కులో 1851లో లేచిన గాజుమేడ పేరు క్రిస్టల్ ప్యాలెస్. దాన్ని విప్పి సిడెన్‌హామ్‌కి తీసుకెళ్ళి మళ్ళీ నిలబెట్టారు, 1936లో అది కాలిపోయింది. ఇప్పుడు నా బల్ల సొరుగులో ఉంది. ఆ పోస్ట్‌మ్యాన్ తెచ్చినది దాని మెడలే.

ముందు ఒక గిరి గీసుకోండి

కొత్తగా దిగినవాళ్ళు చేసే మొదటి తప్పు, కనపడిందల్లా కొనడం. రాణిగారి బొమ్మ, యుద్ధం మెడల్, స్కూలు ప్రైజు మెడల్, అన్నీ ఒక డబ్బాలో చేరతాయి. రెండేళ్ళకి డబ్బా నిండుతుంది, చెప్పుకోవడానికి కథ ఉండదు. లోహాన్ని కాదు, కట్టడాన్ని సేకరిస్తున్నానని మీకు మీరు చెప్పుకోండి. ఒక్కో మెడల్ వెనక ఒక్కో భవనం, దాన్ని ఎవరు కట్టారు, ఎందుకు కట్టారు, ఇప్పుడుందా లేదా. ఈ నాలుగూ చెప్పలేకపోతే ఆ మెడల్ ఇంకా మీది కానట్టే.

నేను గీసుకున్న గిరి "ఊరి డబ్బుతో ఊరి కోసం కట్టిన భవనాలు". అంటే టౌన్ హాళ్ళు, మార్కెట్లు, వంతెనలు. ప్యాలెస్‌లు, చర్చిలు వద్దనుకున్నాను. క్రిస్టల్ ప్యాలెస్ ఒక్కటే మినహాయింపు, మొదటి మెడల్ కదా, దాన్ని ఎవరు మాత్రం తీసెయ్యగలరు! మీరు ఇంకో గిరి గీసుకోవచ్చు: వంతెనలు మాత్రమే, కూలిపోయిన భవనాలు మాత్రమే, లేదా ఒకే శిల్పి చేసినవి. ఈ చివరి దారిలో వెళ్ళాలంటే జాక్ వీనర్ మంచి పేరు. బెల్జియం మనిషి, 1815లో పుట్టి 1899లో పోయాడు. ఆ దేశపు మొదటి తపాలా బిళ్ళ పనిలో కూడా ఇతని చెయ్యి ఉంది. యూరప్‌లోని పేరున్న కట్టడాలు వరసగా మెడల్స్ మీద చెక్కాడు. ఒకవైపు బయటి రూపం, తిప్పితే లోపలి దృశ్యం. 60 మిల్లీమీటర్ల బిళ్ళలో స్తంభాల వరస లోపలికి, లోపలికి పోతూ ఉంటుంది. భూతద్దం పెట్టి చూస్తుంటే మనం గుమ్మంలో నిలబడి చూస్తున్నట్టే ఉంటుంది. ధర కూడా దానికి తగ్గట్టే ఉంటుంది, కాబట్టి మొదటి ఏడాది వాటి జోలికి పోకండి.

లండన్ నగర కార్పొరేషన్ వరస ఇంకో దారి. 1831లో కొత్త లండన్ బ్రిడ్జి ప్రారంభంతో మొదలై తర్వాత దశాబ్దాల పాటు నగరంలో ఏ పెద్ద పని జరిగినా మెడల్ కొట్టించారు. 1849లో కోల్ ఎక్స్ఛేంజ్, 1869లో హోబర్న్ వయాడక్ట్, 1894లో టవర్ బ్రిడ్జి. వీటిలో కోల్ ఎక్స్ఛేంజ్‌ని 1962లో కూల్చేశారు. 1831 నాటి లండన్ బ్రిడ్జిని ఒక అమెరికన్ కొనుక్కుని రాళ్ళకు నంబర్లేసి అరిజోనాకి పట్టుకుపోయాడు, ఇప్పుడది లేక్ హవాసు సిటీలో ఉంది. ఇలాంటి కథలు దొరుకుతాయి కాబట్టే ఈ వరస అంటే నాకు మోజు.

మెడల్‌ని చదవడం

చేతికి మెడల్ రాగానే అంచులు మాత్రమే పట్టుకోండి. చెమట వేలిముద్ర కాంస్యం మీద వారంలో నల్లగా తేలుతుంది, తర్వాత పోదు.

బొమ్మా బొరుసూ అంటే మనకు టాస్ గుర్తొస్తుంది గానీ ఇక్కడా అదే వాడుక సరిపోతుంది. బొమ్మ వైపు చాలాసార్లు రాజో రాణో నగర చిహ్నమో ఉంటుంది, బొరుసు మీద భవనం ఉంటుంది. భవనం కింద అడ్డంగా ఒక గీత, ఆ గీత కింద చిన్న జాగా. శంకుస్థాపన తేదీ, ఆర్కిటెక్ట్ పేరు, మేయర్ పేరు అక్కడే దొరుకుతాయి. చెక్కినవాడి పేరు చూడాలంటే రెండు చోట్ల వెతకండి: తల బొమ్మ మెడ తెగిన చోట, భవనం కింద గీత పక్కన. వ్యోన్ అనే ఇంటిపేరు మళ్ళీ మళ్ళీ తగులుతుంది. తరతరాలుగా అదే పని చేసిన కుటుంబం అది, వాళ్ళలో విలియం వ్యోన్ 1828 నుంచి రాయల్ మింట్ ముఖ్య శిల్పి. పేరు తర్వాత ఒక్క "ఎఫ్" అక్షరమో "ఫెక్" అనో ఉంటే అది ఇంకో పేరు కాదు, లాటిన్‌లో "చేశాడు" అని.

తేదీలు తరచుగా రోమన్ అంకెల్లో ఉంటాయి. ఎం అంటే 1000, డి 500, సి 100, ఎల్ 50, ఎక్స్ 10, ఐ 1. ఎడమ నుంచి కూడుకుంటూ పోవడమే, పెద్ద అక్షరం ముందు చిన్నదొస్తే మాత్రం తీసెయ్యాలి. కోల్ ఎక్స్ఛేంజ్ సంవత్సరం రాయాలంటే ఎం, డి, మూడు సి-లు, తర్వాత ఎక్స్, ఎల్, ఆపైన ఐ, ఎక్స్. 1800కి 40, 9 కలిపితే 1849. రెండు మెడల్స్ చదివేసరికి అలవాటైపోతుంది.

భవనాన్ని చూసేటప్పుడు ఒక అనుమానం పెట్టుకుని చూడండి. మెడల్ పని మొదలయ్యేసరికి భవనం పూర్తయి ఉండదు. శిల్పి చేతిలో ఉండేది ఆర్కిటెక్ట్ గీసిన బొమ్మే. తర్వాత డబ్బు చాలక గోపురం తగ్గించినా, కిటికీలు మార్చినా మెడల్ మీద మాత్రం అనుకున్న భవనమే ఉండిపోతుంది. పాత ఫొటో పక్కన పెట్టుకుని కిటికీలు లెక్కపెట్టడం నాకు ఆదివారం పని. మా ఆవిడ దీన్ని "కిటికీల కాలక్షేపం" అంటుంది.

కంచా, ఇత్తడా, రాగా?

ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. ఎక్కువ మంది మోసపోయేదీ ఎక్కువ మందికి తెలియనిదీ ఇదే.

తెలుగులో బ్రాంజ్‌ని కంచు అనేస్తాం. గంట పోసే కంచులో తగరం ఐదో వంతు దాకా ఉంటుంది, అందుకే అది ఖంగుమంటుంది, గట్టిగా కింద పడితే బీట పడుతుంది. అంత పెళుసైన లోహాన్ని అచ్చు కింద పెట్టి కొట్టలేరు. మెడల్ కాంస్యంలో తగరం బాగా తక్కువ. పైగా పాత కేటలాగుల్లో బ్రాంజ్ అని రాసినవాటిలో చాలా వాటికి అసలు తగరమే ఉండదు: రాగి బిళ్ళ కొట్టి, మందుతో గోధుమరంగు తెప్పించినవి. దాన్ని మోసం అనుకోకండి, ఆ కాలపు పద్ధతే అది. మన శ్రీకాకుళం జిల్లా బుడితి వెళ్ళి ఇత్తడి, కంచు పని చేసేవాళ్ళ దగ్గర ఒక పూట కూర్చోండి. రంగు చూసి, వేలితో తట్టి లోహం పేరు చెప్పేస్తారు. నేను నాలుగు మెడల్స్ పట్టుకెళ్ళాను. ఒక పెద్దాయన మూడింటిని పక్కన పెట్టి నాలుగోదాన్ని గోటితో తట్టి, "ఇది పోత కాదు బాబూ, దెబ్బ మీద వచ్చింది" అన్నాడు. అచ్చు కింద కొట్టిన మెడల్‌కీ పోతపోసినదానికీ తేడా నేను పుస్తకాల్లో నెల రోజులు చదివి తెలుసుకున్నాను.

మనకు ఆ చెయ్యి లేదు కాబట్టి లెక్క వాడుకుందాం. కావలసినవి 0.1 గ్రాము చూపించే చిన్న డిజిటల్ త్రాసు, ప్లాస్టిక్ వెర్నియర్ కాలిపర్, పది రెట్లు చూపించే భూతద్దం. మూడూ కలిపి ఒక మంచి మెడల్ ధరలో పదో వంతు కూడా కావు. త్రాసు లేకపోతే వీధి చివరి కంసాలి కొట్టులో అడగండి, కాదనరు.

త్రాసు మీద సగం నీళ్ళున్న గ్లాసు పెట్టి, టేర్ నొక్కి సున్నా చెయ్యండి. మెడల్‌ని సన్నటి నైలాన్ దారంతో కట్టి, గ్లాసు అడుగుకీ గోడకీ తగలకుండా పూర్తిగా ముంచి పట్టుకోండి. బుడగలు అంటుకుని ఉంటే మెల్లగా కదపండి. త్రాసు ఎన్ని గ్రాములు చూపిస్తే మెడల్ అన్ని ఘన సెంటీమీటర్లు. మామూలు బరువుని ఆ అంకెతో భాగించండి. బరువు 96.8, నీళ్ళలో 11.0 వచ్చిందనుకోండి, 8.8. రాగికైనా కాంస్యానికైనా 8.7 నుంచి 9.0 మధ్య వస్తుంది. ఇత్తడి 8.5 దగ్గర, జింకు 7.1, తెల్ల లోహం 7.3 అటూఇటూ, వెండి 10.5. ఈ లెక్క రాగినీ కాంస్యాన్నీ విడదీయలేదు, ఆ సంగతి మర్చిపోకండి. పని కాగానే మెత్తటి బట్టతో అద్ది, ఫ్యాను కింద గంటసేపు ఆరనివ్వండి. ఆకుపచ్చ పొడి రాలుతున్న మెడల్‌ని మాత్రం నీళ్ళలో ముంచకండి.

ఒక ఎగ్జిబిషన్‌లో ఒకాయన నాకు "పాత వెండండి, నల్లబడింది" అని ఒక టౌన్ హాల్ మెడల్ అంటగట్టాడు. ఇంటికొచ్చి తూస్తే 62 గ్రాములు, నీళ్ళలో 8.5. భాగిస్తే 7.3. తగరం, యాంటిమొనీ కలిపిన తెల్ల లోహం అది. వెండి ధర ఇచ్చి కొన్నాను. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు గానీ, ఆ తర్వాత త్రాసు లేకుండా ఏ కొట్టుకీ వెళ్ళలేదు.

అసలుదా, పోతదా, మళ్ళీ కొట్టిందా?

అసలు మెడల్ ఎలా తయారవుతుందో తెలిస్తే నకిలీ దానంతటదే బయటపడుతుంది. గట్టి ఉక్కు అచ్చుల మధ్య లోహపు బిళ్ళ పెట్టి ప్రెస్సుతో కొడతారు. మెడల్ బొమ్మ నాణెం కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఒక్క దెబ్బకి రాదు. కొట్టడం, లోహం బిగుసుకుంటే కొలిమిలో కాల్చి మెత్తబరచడం, మళ్ళీ కొట్టడం. ఇలా వచ్చినదానికి ఖాళీ జాగా నున్నగా అద్దంలా ఉంటుంది, అక్షరాల గోడలు నిటారుగా కోసినట్టుంటాయి.

దీన్నే ఇసుకలోనో మైనంలోనో అచ్చు తీసి పోతపోస్తే మూడు ఆనవాళ్ళు మిగులుతాయి. అక్షరాల అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. ఖాళీ జాగాలో సూదిమొన చుక్కలు కనిపిస్తాయి. అంచు మీద ఆకురాయి గీతలుంటాయి. నాలుగోది కాలిపర్ చెబుతుంది: కరిగిన కాంస్యం చల్లారినప్పుడు వందకి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకుపోతుంది. కేటలాగులో 60 మిల్లీమీటర్లని ఉండి మీ చేతిలోది 59 వస్తే ఆగి ఆలోచించండి. అంచు చుట్టూ జుట్టులాంటి సన్నని అతుకు గీత ఉంటే రెండు పలచటి రేకులు చేసి అతికించిన ఎలక్ట్రోటైప్ అనే నకలు కావచ్చు.

ఫ్రాన్స్ మెడల్స్‌తో ఇంకో చిక్కు. పారిస్ మింట్ పాత అచ్చులు దాచుకుని అవసరమైనప్పుడల్లా మళ్ళీ కొడుతూ ఉంటుంది. అవి నకిలీలు కావు, ఆలస్యంగా పుట్టినవి. వాళ్ళు నిజాయితీపరులు, అంచు మీద గుర్తు వేశారు: 1832 నుంచి 1841 దాకా దీపం, కొద్దికాలం లంగరు, 1842 నుంచి 1845 దాకా ఓడ ముక్కు, 1860 దాకా చూపుడువేలు చాచిన చెయ్యి, అక్కణ్ణుంచి తేనెటీగ, 1880 నుంచి ఇప్పటి దాకా పళ్ళు పొంగిపొర్లే కొమ్ము. 1855 అని రాసి ఉన్న మెడల్ అంచు మీద కొమ్ము కనిపిస్తే అది 1880 తర్వాతే కొట్టింది. భూతద్దంతో అంచంతా ఒక చుట్టు తిప్పి చూడండి. బొమ్మే చూసి అంచు చూడకుండా కొనేవాళ్ళే వ్యాపారులకు ఇష్టమైన గిరాకీ.

మన దగ్గర దొరికే సరుకు గురించి ఒక హెచ్చరిక. సీతారామలక్ష్మణుల బొమ్మతో "1818 ఈస్టిండియా కంపెనీ" అని రాసిన రాగి బిళ్ళలు ప్రతి నాణేల మేళాలోనూ కుప్పలుగా ఉంటాయి. కంపెనీ అలాంటిది ఎప్పుడూ కొట్టలేదు. పాత రాగి బిళ్ళ ఉందని నలుగురిలో అంటే ఎవరో ఒకరు చెవిలో "రైస్ పుల్లింగ్‌కి పనికొస్తుందా?" అని కూడా అడుగుతారు. నన్నూ అడిగారు. బియ్యం గింజలు లాగే రాగి అంటూ ఏదీ లేదు, దాని పేరు చెప్పి లక్షలు పోగొట్టుకున్నవాళ్ళు మాత్రం మన జిల్లాల్లోనూ ఉన్నారు. అలాంటి ఫోను వస్తే పెట్టెయ్యండి.

కొనడం

విజయనగరంలో ఈ సరుకు అమ్మే కొట్టు లేదు. విశాఖలో నాణేల ప్రదర్శనలు జరిగినప్పుడు వెళ్ళి చెయ్యి అలవాటు చేసుకోండి, కొనకపోయినా పట్టుకు చూడండి. అసలు కొనుగోలు ముంబై, బెంగళూరు, లండన్ వేలం సంస్థల దగ్గరే, అదీ ఫోన్లోనే.

వేలం వివరాలు చదవడానికి కొన్ని పొడి అక్షరాలు రావాలి. ఏఈ అంటే రాగి లేదా కాంస్యం, ఏఆర్ వెండి, డబ్ల్యూఎం తెల్ల లోహం. బీహెచ్ఎం పక్కన అంకె ఉంటే లారెన్స్ బ్రౌన్ తయారుచేసిన బ్రిటిష్ మెడల్స్ కేటలాగు నంబరు, ఐమర్ అని ఉంటే క్రిస్టఫర్ ఐమర్ కేటలాగుది. భారతదేశానికి సంబంధించినవాటికి రాబర్ట్ పడెస్టర్ కేటలాగు నంబర్లు ఇస్తారు. ఆ నంబరు పట్టుకుని పాత వేలం ఫలితాలు వెతికితే గత కొన్నేళ్ళలో ఎంతకి పోయిందో తెలుస్తుంది. నేను కనీసం మూడు పాత ధరలు దొరికితే గానీ పాట పాడను.

పాట గెలిచాక అసలు లెక్క మొదలవుతుంది. వేలం కమిషన్, దాని మీద పన్ను, పోస్టు, బీమా, విదేశం నుంచైతే కస్టమ్స్. నా అనుభవంలో పాడిన ధర చివరికి ఒకటిన్నర రెట్లవుతుంది. అందుకే ముందుగానే కాగితం మీద చివరి మొత్తం రాసుకుని, వెనక్కి లెక్కేసి, ఎంత దాకా పాడొచ్చో నిర్ణయించుకోండి. రాత్రి పదకొండింటికి టెన్షన్‌లో వేలు దానంతటదే నొక్కేస్తుంది, కాగితం ఒక్కటే దాన్ని ఆపగలదు.

అంచు దెబ్బలు ఉన్నాయా అని ప్రత్యేకంగా అడగండి. ఈ మెడల్స్ బరువైనవి, కింద పడితే అంచే నలుగుతుంది. ఫొటోలో బొమ్మ ముచ్చటగా ఉంటుంది, అంచు చూపించరు. పాత తోలు పెట్టె ఉంటే కొంచెం ఎక్కువైనా ఇవ్వొచ్చు. అయితే పెట్టెని వేరే దాచి మెడల్ మాత్రం బయట పెట్టండి, పాత తోలూ జిగురూ కాంస్యానికి పడవు.

చట్టం సంగతి రెండు ముక్కల్లో. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళావస్తువుల్ని దేశం దాటించడానికి మనలాంటివాళ్ళకు వీల్లేదు, వాటితో వ్యాపారం చెయ్యడానికి లైసెన్సు కావాలి. కాబట్టి కొన్న ప్రతిదానికీ బిల్లు ఉండాలి, బయటి నుంచి తెప్పించినదైతే కస్టమ్స్ కాగితం కూడా దాచాలి. పునాది తవ్వుతుంటే దొరికిందని ఎవరైనా తెస్తే చెయ్యి పెట్టకండి. భూమిలో దొరికిన నిధి నిక్షేపాల గురించి కలెక్టరుకు చెప్పాలని 1878 నుంచీ చట్టం ఉంది.

తోమొద్దు

క్రిస్టల్ ప్యాలెస్ మెడల్ వచ్చిన ఏడే మా ఊరి పైడితల్లమ్మ జాతర సిరిమానోత్సవం ముందు ఇల్లు దులుపుతూ అమ్మ దాన్ని బల్ల మీద చూసింది. దసరా వెళ్ళిన మంగళవారానికి ఊరంతా చుట్టాలొస్తారు, ఇంట్లో ఇత్తడి సామానంతా పెరట్లో చింతపండుతో తళతళలాడిస్తున్నారు. "మసి పట్టిపోయి ఉంది కదరా నాన్నా" అని దీన్నీ ఆ వరసలో వేసేసింది. నేను బజారు నుంచి వచ్చేసరికి గూట్లో కొత్త రాగి చెంబు రంగులో మెరుస్తోంది. గాజు పలకల్ని చూపించే వెంట్రుకంత గీతలుంటాయి దాని మీద, కప్పు వంపు దగ్గర దగ్గరగా, గోడల మీద ఎడంగా. చింతపండు పులుపు, ఉప్పు, అమ్మ బొటనవేలు కలిసి కప్పు మీది గీతల్ని సగం మాయం చేశాయి. "ఎంత బాగా వచ్చిందో చూడు!" అంది. నేనేమీ అనలేదు.

ఆ గోధుమరంగు పొరని పాటినా అంటారు. కొంత శిల్పి వేసిన రంగు, కొంత నూటయాభై ఏళ్ళ గాలి. అది మురికి కాదు, లోహం కప్పుకున్న చర్మం. తీసేస్తే విలువ సగానికి పైగా పోతుంది, మళ్ళీ రాదు. చింతపండు, నిమ్మకాయ, విభూతి, టూత్‌పేస్ట్, ఇత్తడి పాలిష్ పొడులు, ఏవీ వద్దు. దుమ్ముంటే మెత్తటి మేకప్ బ్రష్షుతో దులపండి. ప్లాస్టిక్ కవర్ జిగురు అంటుకుని ఉంటే శుద్ధమైన అసిటోన్‌లో దూది ముంచి అద్దండి, అదీ కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా. అంతకు మించి వద్దు.

ఒకే ఒక్క సందర్భంలో మాత్రం ఊరుకోకూడదు. మామూలు కిలుం ముదురు ఆకుపచ్చగా, గట్టిగా, కదలకుండా ఉంటుంది, దాని వల్ల హాని లేదు. అలా కాక లేత ఆకుపచ్చ పొడి చుక్కలుగా లేచి, దులిపినా వారంలో మళ్ళీ వస్తే అది కాంస్య రోగం. లోహంలోకి ఉప్పు చేరింది, గాలిలో తేమ తగిలినప్పుడల్లా లోపల్నుంచి తినేస్తుంది. సముద్రం పాతిక కిలోమీటర్ల లోపే ఉన్న మనకి, వర్షాకాలంలో గోడలే చెమరుస్తాయి, ఇది రాకుండా ఉంటే ఆశ్చర్యం. అలాంటిది కనిపిస్తే వెంటనే విడిగా, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టి, మ్యూజియం సంరక్షణ పని తెలిసినవాళ్ళకు చూపించండి. సొంత వైద్యం వద్దు.

దాచడానికి మెత్తటి పీవీసీ ఆల్బమ్‌లు వాడకండి, రెండేళ్ళలో పచ్చటి జిగురు కారుతుంది. పాలిప్రొపిలీన్ లేదా మైలార్ కవర్లు అడిగి తీసుకోండి. రబ్బరు బ్యాండ్లు, నాఫ్తలీన్ ఉండలు, న్యూస్ పేపరు, కొత్త ప్లైవుడ్ సొరుగు, ఇవన్నీ ఏదో ఒక ఆవిరి వదిలి కాంస్యాన్ని పాడుచేసేవే. నేను వంటింటి తాళం డబ్బాలు, అవే నాలుగువైపులా క్లిప్పులుండి రబ్బరు అంచుతో మూసుకునేవి, కొని, అడుగున సిలికా జెల్ పొట్లాలు, పైన కవర్లలో మెడల్స్ పెడతాను. రంగు మారే రకం జెల్ కొంటే ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది. ఒక తుపాను తర్వాత రోజుల తరబడి కరెంటు లేక ఇల్లంతా నానిన బట్టలా ఉన్నప్పుడు ఈ డబ్బాల్లో ఉన్నవి మాత్రం చెక్కుచెదరలేదు. బయట గాజు అరలో అందంగా పెట్టిన రెండింటికీ మచ్చలొచ్చాయి.

పుస్తకంలోకి ఎక్కించడం

పొడుగు లెడ్జర్ పుస్తకం ఒకటి కొనండి. ఫోన్లో కూడా పెట్టుకోండి గానీ పుస్తకం ఉండాలి, మన తర్వాత ఇంట్లోవాళ్ళకి దొరికేది అదే. ఒక్కో మెడల్‌కి ఒక్కో పేజీ: భవనం, ఊరు, తేదీ, శిల్పి, లోహం, వ్యాసం, బరువు, నీళ్ళ లెక్క, అంచు మీది గుర్తు, కేటలాగు నంబరు, ఎక్కడ కొన్నారు, చివరికి ఎంత పడింది. కింద సగం పేజీ ఖాళీగా వదలండి, భవనం కథ దొరుకుతున్న కొద్దీ రాయడానికి. మెడల్ మీద మాత్రం పెన్నుతోనో స్టిక్కరుతోనో నంబరు వెయ్యకండి, కవరు లోపల కాగితం చాలు.

ఫొటోకి ఫ్లాష్ వద్దు. ఉదయం ఎనిమిది గంటలప్పుడు కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, వెలుగు ఒకవైపు నుంచి ఏటవాలుగా పడేలా తిప్పండి. రెండోవైపు తెల్ల థర్మాకోల్ ముక్క నిలబెడితే నీడలు మెత్తబడతాయి. అప్పుడు గోడలు లేచి నిలబడతాయి, కిటికీలు లోతుగా కనిపిస్తాయి. బొమ్మ, బొరుసు, అంచు, మూడూ తియ్యండి.

మన ఊరి కట్టడాల మెడల్స్ ఏవైనా ఉంటాయా అని నన్ను అడుగుతుంటారు. టౌన్ హాల్ వరసలో నాకింకా తగల్లేదు గానీ స్కూళ్ళు, కాలేజీలు, బ్యాంకులు జూబిలీలకు ఇచ్చిన చిన్న చిన్న మెడల్స్ పాత ఇళ్ళలో ట్రంకు పెట్టెల్లో ఉంటాయి. మహారాజా కాలేజీ 1879 నాటిది, సంగీత కళాశాల 1919 నాటిది. అక్కడ చదివిన తాతల వస్తువులు సర్దేటప్పుడు తూకానికి వేసే ముందు ఒకసారి తిప్పి చూడండి. ఇప్పుడంతా అక్రిలిక్ షీల్డులే కాబట్టి వందేళ్ళ తర్వాతవాళ్ళకి మన గుర్తుగా ఏం దొరుకుతుందో నాకైతే తెలియదు.

నేను ఏటా సిరిమాను ముందు వారం డబ్బాలన్నీ తెరిచి, సిలికా జెల్ మార్చి, ఒక్కోదాన్నీ భూతద్దంతో చూసి పుస్తకంలో తేదీ వేస్తాను. మొన్న ఏడు క్రిస్టల్ ప్యాలెస్ పేజీలో కొత్తగా ఒక వాక్యం రాశాను: "కప్పు మీది గీతల సందుల్లో గోధుమరంగు తిరిగి మొదలైంది." అమ్మ పెరట్లోంచి చింతపండు గిన్నెతో గుమ్మం దాకా వచ్చి, "ఇవేవీ తోమక్కర్లేదు కదా?" అని అడిగి వెళ్ళింది.